పెయ్యలు, పడ్డలు సకాలంలో ఎదకు రావాలంటే: మేతకూ హార్మోన్లకూ ఉన్న సంబంధంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, కరీంనగర్, జగిత్యాల వైపు పాడి రైతులు పశువైద్యుల దగ్గరా, ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రల దగ్గరా ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది: "వయసొచ్చింది, చూడటానికి బాగానే ఉంది, కానీ పెయ్య ఎదకు రావట్లేదు. ఇంజెక్షన్ ఏమైనా ఉందా?" చాలాసార్లు దీనికి జవాబు మందుల షాపులో ఉండదు. ఆ పెయ్య పుట్టిన మొదటి ఏడాదిలో ఏం తిన్నదో చూస్తే తెలుస్తుంది. ఆ లెక్క తెలిసిన రైతు రెండో ఈతకు చేరే సమయానికి, తెలియని రైతు ఇంకా మొదటి ఈత కోసమే చూస్తుంటాడు. అందుకే ఈ ప్రశ్నలూ జవాబులూ కొంచెం వివరంగా రాస్తున్నాం.

ఆవు పెయ్య, బర్రె పడ్డ ఏ వయసులో ఎదకు రావాలి?

బాగా మేపిన జెర్సీ, హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర పెయ్యలు 12 నుంచి 18 నెలల మధ్య మొదటిసారి ఎదకు వస్తాయి. దేశవాళీ ఆవు పెయ్యలకు ఇంకా సమయం పడుతుంది. రెండేళ్లు, ఆపైన కూడా పట్టవచ్చు. ముర్రా, గ్రేడెడ్ ముర్రా (నాటు బర్రెలను ముర్రాతో కట్టించి మెరుగుపరచిన రకం) పడ్డలు మంచి మేత ఉంటే 24 నుంచి 30 నెలల్లో వస్తాయి. మన ఊళ్లలో మూడేళ్లు దాటినా ఎదకు రాని పడ్డలు చాలా కనిపిస్తాయి. వాటిలో ఎక్కువ భాగం రోగం ఉన్నవి కావు, పెరగనివి.

అంటే వయసు ముఖ్యమా, బరువు ముఖ్యమా?

బరువే. పశువు పూర్తిగా ఎదిగాక ఎంత బరువు ఉంటుందో అందులో 55 నుంచి 60 శాతానికి చేరినప్పుడు మొదటి ఎద వస్తుంది. దేశవాళీ రక్తం ఎక్కువగా ఉన్నవాటికి 60 శాతం పైనే కావాలి. 400 కిలోలు తూగే సంకర ఆవు కడుపున పుట్టిన పెయ్య 220 నుంచి 240 కిలోల దగ్గర ఎదకు వస్తుంది. కట్టించడానికి, అంటే చూడి చేయించడానికి, 250 కిలోలైనా ఉండాలి. గ్రేడెడ్ ముర్రా పడ్డను 300 కిలోలకు అటూ ఇటూగా కట్టిస్తే మంచిది.

దీన్ని రోజువారీ లెక్కలో చూడండి. 25 కిలోలతో పుట్టిన సంకర పెయ్య 15 నెలలకు 250 కిలోలు కావాలంటే రోజుకు దాదాపు అరకిలో పెరగాలి. 30 కిలోలతో పుట్టిన పడ్డ రెండేళ్లకు 300 కిలోలు కావాలంటే రోజుకు 370 గ్రాములు చాలు. ఇదేమీ అందుకోలేని లెక్క కాదు. కానీ ఉత్త వరిగడ్డితో మాత్రం కాదు.

తూకం యంత్రం లేదు. బరువు ఎలా తెలుసుకోవాలి?

కుట్టుమిషన్ టేపు చాలు. ముందుకాళ్ల వెనక నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. భుజం ఎముక మొన నుంచి వెనక పిరుదు ఎముక మొన వరకు పొడవు కొలవండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 58, పొడవు 50 అనుకుంటే 58 × 58 × 50 = 1,68,200. దాన్ని 660తో భాగిస్తే దాదాపు 255 కిలోలు. కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ నెలనెలా ఒకే తీరుగా కొలిస్తే పెరుగుతోందా, ఆగిపోయిందా అన్నది స్పష్టంగా తెలుస్తుంది. ఈ లెక్కను గోడ మీద రాసి పెట్టుకునే రైతుకు ఎద ఆలస్యమవుతుందని ఆరు నెలల ముందే తెలిసిపోతుంది.

తిండికీ ఎదకూ లోపల సంబంధం ఏమిటి? హార్మోన్లు ఎలా పనిచేస్తాయి?

ఇది కొంచెం ఓపిగ్గా చదవాల్సిన జవాబు. ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంటుంది. అది జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఆగి ఆగి, విడతలుగా వదులుతుంది. ఆ విడత అందినప్పుడల్లా దాని కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండపు బుడగలను పెంచుతుంది. ఎల్‌హెచ్ ఆ బుడగను పక్వం చేసి, చివరకు పగిలేలా చేస్తుంది. పెరుగుతున్న బుడగ నుంచి ఈస్ట్రోజన్ వస్తుంది. పశువు అరవడం, తీగ వేయడం (మానం నుంచి జిగురు కారడం), ఇంకో పశువు మీదికి ఎక్కడం, ఎక్కించుకుని కదలకుండా నిలబడటం, అన్నీ ఈ ఈస్ట్రోజన్ వల్లే. బుడగ పగిలాక ఆ చోట ఏర్పడే పసుపుపచ్చని కండ ప్రొజెస్టరాన్ తయారుచేస్తుంది. చూడి నిలబడటానికి అదే ఆధారం.

మరి చిన్న పెయ్యలో ఇవన్నీ ఉండవా? ఉంటాయి. కొన్ని నెలల పెయ్య అండాశయంలో కూడా బుడగలు పెరుగుతూ, కరిగిపోతూ ఉంటాయి. అవి వదిలే కొద్దిపాటి ఈస్ట్రోజన్‌కే చిన్న పెయ్య మెదడు 'ఇక చాలు' అని ఆగిపోతుంది. అందుకే ఎల్‌హెచ్ చాలా గంటలకు ఒకసారి మాత్రమే విడుదలవుతుంది. బుడగ పగిలే దాకా రాదు. శరీరం పెరిగేకొద్దీ ఈస్ట్రోజన్ చేసే ఆ అణచివేత తగ్గుతుంది. ఎల్‌హెచ్ విడతలు దగ్గరపడతాయి. మొదటి ఎద దగ్గరికొచ్చే సరికి దాదాపు గంటకొకసారి పడుతుంటాయి. అప్పుడు మొదటి అండం విడుదలవుతుంది.

ఈ అణచివేత ఎప్పుడు తగ్గాలో మెదడుకు చెప్పేది తిండే. ఒంట్లో కొవ్వు చేరితే కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది. దాణాలోని మక్కల పిండి పెద్ద కడుపులో పులిసి ప్రొపియోనిక్ ఆమ్లం అవుతుంది. కాలేయం దాని నుంచి గ్లూకోజ్ తయారుచేస్తే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. మాంసకృత్తులు, శక్తి రెండూ సరిపడా అందితే కాలేయం ఐజీఎఫ్-1 అనే పెరుగుదల హార్మోన్‌ను ఎక్కువగా వదులుతుంది. ఈ సంకేతాలు జీఎన్‌ఆర్‌హెచ్ వదిలే నాడీకణాలకు చాలావరకు నేరుగా చేరవు. మధ్యలో వేరే కణాలు ఉంటాయి. ఆకలిని తెలిపే ఎన్‌పీవై కణాలు ఎదను ఆపుతాయి, కిస్‌పెప్టిన్ కణాలు ముందుకు నడుపుతాయి. మేత బాగుంటే ఎన్‌పీవై తగ్గుతుంది, కిస్‌పెప్టిన్ పెరుగుతుంది. ఇన్సులిన్, ఐజీఎఫ్-1 అండాశయం మీద కూడా పనిచేస్తాయి. అవి తక్కువైతే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ వచ్చినా బుడగ సరిగా స్పందించదు.

ఆకలితో ఉన్న ఒళ్లు ముందు ప్రాణం నిలుపుకోవడానికి, తర్వాత ఎముక, కండ పెంచుకోవడానికి తిండిని వాడుకుంటుంది. సంతానానికి చివరి వంతు. బక్కచిక్కిన పెయ్య ఎదకు రాకపోవడం దాని లోపం కాదు. తనను కాపాడుకోవడానికి ఒళ్లు చేసుకున్న ఏర్పాటు అది.

ఏ వయసులో మేత అన్నిటికన్నా ముఖ్యం? ఏడాది దాటాక బాగా మేపితే సరిపోదా?

సరిపోదు. ఇక్కడే మనం ఎక్కువగా నష్టపోతున్నాం. నాలుగు నుంచి తొమ్మిది నెలల వయసులో బాగా పెరిగిన పెయ్యలు, అదే వయసులో సన్నగిల్లి తర్వాత బాగా తిన్నవాటికన్నా ముందుగా ఎదకు వస్తాయని పరిశోధనల్లో తేలింది. మెదడులో పైన చెప్పిన కణాలు కుదురుకునే కాలం అదే. తర్వాత మేపితే బరువు కొంత అందుకుంటుంది. పోయిన సమయం మాత్రం పూర్తిగా తిరిగి రాదు.

మన కొట్టాల్లో సరిగ్గా ఆ వయసు దూడనే పట్టించుకోం. పాలు మాన్పించాం, ఇంకా పాలివ్వదు, అమ్మితే ధర రాదు. పాలిచ్చే బర్రెకు దాణా, కుడితి, పచ్చిగడ్డి. దూడకు బర్రె వదిలేసిన గడ్డి. ఇంట్లో ఎవరికీ చెడు ఉద్దేశం లేకపోయినా, అలా గడిచిన ఆరు నెలలు ఆ పశువు జీవితంలో ఏడాది వెనక్కి లాగుతాయి. ఒకే ఒక్క అలవాటు మార్చుకోమంటే, నేను దీన్నే మార్చుకోమంటాను.

పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగించాలి. మొదటి రోజు మొత్తం మీద దూడ బరువులో పదో వంతు అందాలి. తర్వాత రెండు నెలల దాకా రోజూ బరువులో పదో వంతు పాలు. రెండు, మూడు వారాల నుంచి గుప్పెడు దూడల దాణా, లేత పచ్చిగడ్డి నోటికి అలవాటు చేయాలి. మూడు నెలలకు రోజుకు ముప్పావు కిలో నుంచి కిలో దాకా దాణా తినగలిగితే పాలు మాన్పించినా ఎదుగుదల ఆగదు.

వరిగడ్డి కడుపునిండా తింటోంది కదా, ఇంకేం లోటు?

కడుపు నిండుతుంది, పోషణ అందదు. వరిగడ్డిలో మాంసకృత్తులు 3 నుంచి 4 శాతమే. పెద్ద కడుపులోని సూక్ష్మజీవులు బతికి గడ్డిని అరిగించాలన్నా 7 శాతం కావాలి. అందుకే ఉత్త వరిగడ్డి తిన్న దూడ పొట్ట పెద్దగా, వెన్ను ఎముకలు బయటికి, వెంట్రుకలు గరుకుగా ఉంటుంది. పొట్ట చూసి బాగుందనుకుంటాం. వరిగడ్డిలో భాస్వరం తక్కువ. విటమిన్-ఎ తయారయ్యే కెరోటిన్ దాదాపు ఉండదు. సిలికా ఎక్కువ, ఆక్సలేట్లు సున్నాన్ని పట్టేసుకుంటాయి.

ఎస్సారెస్పీ కాకతీయ కాలువ కింద, బోర్ల కింద వరి పెరిగింది, సంతోషమే. కానీ ఒకప్పుడు వానాకాలం జొన్న వేసిన ఇంట్లో జొన్న చొప్ప ఉండేది. ఇప్పుడు గడ్డివాములన్నీ వరివే. హార్వెస్టర్ కోసిన గడ్డి కట్టలు కట్టి తెచ్చుకున్నా, పచ్చిమేతకు వేరే ఏర్పాటు ఉండాల్సిందే. రెండు పశువులున్నవాళ్లు కూడా బోరు పక్కన నాలుగైదు గుంటల్లో కో-4 లేదా సూపర్ నేపియర్ గడ్డి, దానితో పాటు అలసంద గానీ స్టైలో గానీ వేసుకుంటే పెయ్యకు ఏడాదంతా పచ్చిమేత దొరుకుతుంది. గడ్డిజాతి, పప్పుజాతి రెండూ కలిపి పెట్టాలి. సుబాబుల్ ఆకు మంచిదే, కానీ మొత్తం మేతలో మూడో వంతు దాటకూడదు. అందులోని మైమోసిన్ థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, దాంతో ఎద కూడా కుంటుపడుతుంది. 45 రోజుల లోపు లేత జొన్న, బెట్టకు వాడిన జొన్న అస్సలు వేయకండి. అందులోని విషం ప్రాణమే తీస్తుంది.

వరిగడ్డే దిక్కైతే యూరియాతో మాగబెట్టండి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరబడకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక కాసేపు గాలికి ఆరబెట్టి వేయాలి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టొద్దు. యూరియా నీళ్లు పశువు నోటికి అందే చోట ఉంచొద్దు.

150 కిలోల పెయ్యకు రోజుకు ఎంత మేత, ఎంత దాణా?

పచ్చిగడ్డి 8 కిలోలు, ఎండుగడ్డి కిలోన్నర, దాణా కిలోన్నర. పచ్చిగడ్డిలో అలసంద లాంటి పప్పుజాతి మూడో వంతు ఉంటే దాణా కొంచెం తగ్గించవచ్చు. తాగే నీళ్లు ఎప్పుడూ ముందుండాలి.

దాణా ఇంట్లోనే కలుపుకోవచ్చు. 100 కిలోలకు పగలగొట్టిన మక్కలు 35, పల్లి చెక్క 15, పత్తి చెక్క 15, తవుడు 20, కందిపొట్టు లేదా పెసరపొట్టు 12, మినరల్ మిక్చర్ 2, ఉప్పు 1. దీంట్లో మాంసకృత్తులు దాదాపు 17 శాతం వస్తాయి. మక్కలు, పత్తి చెక్క మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల దొరికేవే. రైస్ మిల్లు నూకలు చౌకగా దొరికితే మక్కల్లో సగం బదులు అవి వాడవచ్చు.

మినరల్ మిక్చర్ నిజంగా అవసరమా?

అవసరం. భాస్వరం తక్కువైతే అండాశయం మందగిస్తుంది. అలాంటి పశువు ఎముకలు, బట్టలు, మట్టి నాకుతుంటుంది. రాగి, జింక్, మాంగనీస్, అయోడిన్, సెలీనియం తక్కువైనా ఎద ఆలస్యమవుతుంది, లేదా వచ్చినా పైకి కనిపించదు. పెరిగే పెయ్యకు రోజుకు 25 నుంచి 30 గ్రాములు, పెద్ద పశువుకు 50 గ్రాములు. దాణాలో ముందే కలిపితే పైన మళ్లీ వేయాల్సిన పని లేదు. ఒక్క మాట: శక్తి, మాంసకృత్తులు లేకుండా మినరల్ మిక్చర్ మాత్రమే పెడితే ఎద రాదు.

పత్తి చెక్క దూడలకు పెట్టొచ్చా?

పత్తి గింజలో గాసిపోల్ అనే పదార్థం ఉంటుంది. నెమరు సరిగా మొదలుకాని మూడు, నాలుగు నెలల లోపు దూడకు అది హాని చేస్తుంది, గుండెను దెబ్బతీస్తుంది. వాటికి పల్లి చెక్క పెట్టండి. నెమరు వేసే పెయ్యల పెద్ద కడుపు దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, పైన చెప్పిన మోతాదుతో భయం లేదు. వేడి తగిలిన చెక్కలో కన్నా పచ్చి గింజల్లో ఇది ఎక్కువ. వీర్యం కోసం పెంచే కోడెలకు, దున్నలకు పత్తి గింజలు ఎక్కువగా పెడితే వీర్యకణాలు దెబ్బతింటాయి.

వానకు తడిసిన, బూజు పట్టిన మక్కలు పెయ్యలకు వేయొచ్చా?

వేయొద్దు. అమ్ముడుపోని మక్కలు పశువుల పాలు కావడం మన దగ్గర ఏటా చూసేదే. ఒక రకం బూజు జియరలెనోన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది ఒంట్లో ఈస్ట్రోజన్‌లా పనిచేస్తుంది. ఎదకు రాని చిన్న పెయ్యకు పొదుగు ఉబ్బడం, మానం వాచడం కనిపిస్తే రైతు ఎద అనుకుంటాడు. అది నిజం ఎద కాదు, లోపల అండం ఉండదు. ఇంకో రకం బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని పాడుచేస్తుంది. పల్లి చెక్కకూ ఇదే వర్తిస్తుంది.

తొందరగా ఎదకు రావాలని దాణా ఎక్కువ పెడితే?

ఎద ముందే వస్తుంది, కానీ పాలు తగ్గవచ్చు. మూడు నుంచి పది నెలల మధ్య పొదుగులో పాల గ్రంథులు వేగంగా అల్లుకుంటాయి. ఆ సమయంలో పెద్ద జాతి పెయ్య రోజుకు 800, 900 గ్రాములకు మించి పెరిగితే పొదుగులో గ్రంథి బదులు కొవ్వు చేరే ప్రమాదం ఉంది. మాంసకృత్తులు తక్కువగా, నూకలు, మక్కలు ఎక్కువగా పెడితే ఇది ఇంకా ఎక్కువ. ఊళ్లో రెండు మూడు పశువులున్న రైతుకు ఈ టెన్షన్ అక్కర్లేదు. కొత్తగా డెయిరీ షెడ్డు వేసి, దాణా మీదే పెంచుతున్నవాళ్లు గమనించాలి.

హార్మోన్ ఇంజెక్షన్‌తో ఎద తెప్పించలేమా?

బరువుకు చేరినా ఎదకు రాని పెయ్యకు ప్రొజెస్టరాన్ పరికరం యోనిలో కొన్ని రోజులు ఉంచి తీయడం లాంటి పద్ధతులు బాగా పనిచేస్తాయి. అది డాక్టర్ పరీక్ష చేసి నిర్ణయించాలి. 160 కిలోల బక్క పెయ్యకు అదే చేస్తే ఒకసారి ఎద కనిపించినా మళ్లీ ఎద చక్రం ఆగిపోతుంది. ఒకవేళ చూడి నిలిచినా ఈనేటప్పుడు తల్లికీ దూడకూ కష్టమే. ఆ డబ్బుతో నెల రోజుల దాణా వస్తుంది, ముందు అది కొనండి. లక్ష్యానికి 20, 30 కిలోల దూరంలో ఉన్న పెయ్యకు రోజూ మామూలు కన్నా అరకిలో నుంచి కిలో దాణా ఎక్కువగా ఒకటిన్నర నెల పెడితే, చాలాసార్లు ఇంజెక్షన్ పనే పడదు.

మొదటి ఎదలోనే కట్టించవచ్చా?

ఆగడం మంచిది. మొదటి ఎద తర్వాతి చక్రం తరచూ పొట్టిగా ఉంటుంది, ప్రొజెస్టరాన్ సరిపడా ఉండదు. మొదటి ఎదలో కన్నా మూడో ఎదలో చూడి కట్టే అవకాశం ఎక్కువ. తేదీ రాసుకోండి, 21 రోజులకు మళ్లీ చూడండి, బరువు సరిపోయాక కట్టించండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున కట్టించాలి.

పడ్డ ఎదకు వచ్చినట్టే తెలియడం లేదు. ఎందుకు?

బర్రెల్లో మూగ ఎద ఎక్కువ. ఆవులా అరిచి గోల చేయదు. మన వైపు ఎండలు 42 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో ఇది మరీ ఎక్కువ. వాన తగ్గి చల్లబడ్డ సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎదలు బాగా కనిపిస్తాయి. తెల్లవారుజామున, రాత్రి పడుకునే ముందు చూడండి: తీగ, మాటిమాటికీ మూత్రం, మేత మీద అయిష్టం. ఎండాకాలంలో నీడ, మధ్యాహ్నం నీళ్లు చల్లడం, చెరువు ఉంటే చెరువు. ఎండకు మేత తగ్గుతుంది కాబట్టి దాణా చల్లటి వేళల్లో పెట్టాలి.

మగ దూడలకూ ఇదే వర్తిస్తుందా?

ఇంకా ఎక్కువగా. మగ దూడలో రెండున్నర నుంచి అయిదు నెలల మధ్య ఎల్‌హెచ్ ఒకసారి పెరిగి తగ్గుతుంది. వృషణాలు ఎంత పెద్దవి అవుతాయో, ఎప్పుడు వీర్యం మొదలవుతుందో చాలావరకు అప్పుడే ఖాయమవుతుంది. ఆరు నెలల లోపు సరిగా పాలు, దాణా అందని దూడకు తర్వాత ఎంత పెట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. అందుకే విత్తనపు దున్న చేయాలనుకునే మగ దూడను పుట్టినప్పటి నుంచే ఎంచుకుని పెంచాలి. పెద్దయ్యాక మరీ కొవ్వెక్కించినా నష్టమే. వృషణాల పైభాగంలో కొవ్వు చేరి వేడి బయటికి పోదు.

నట్టల వల్ల కూడా ఎద ఆలస్యమవుతుందా?

అవుతుంది. తిన్నదంతా వాటికే పోతే ఐజీఎఫ్-1 ఎక్కడి నుంచి వస్తుంది? బర్రె దూడకు 10 నుంచి 15 రోజుల వయసులోనే మొదటి నట్టల మందు పడాలి. తల్లి పాల ద్వారానే ఏలికపాములు వస్తాయి. ఆ తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం. చెరువు కింద మేసే పశువులకు వానల తర్వాత లివర్ ఫ్లూక్ (కాలేయంలో చేరే పురుగు) మందు కూడా అడగండి.

బరువు ఉంది, మేత బాగుంది, అయినా ఎదకు రాలేదు. అప్పుడు?

సంకర పెయ్య 20 నెలలు, పడ్డ మూడేళ్లు దాటితే డాక్టర్‌తో గర్భసంచి, అండాశయం పరీక్ష చేయించండి. మగ దూడతో కవలగా పుట్టిన ఆవు పెయ్య అయితే ముందే చెప్పండి. అలాంటివాటిలో నూటికి 90కి పైగా గర్భాశయం సరిగా ఎదగక గొడ్డువి అవుతాయి, మేత మార్చినా ఫలితం ఉండదు. వెళ్లేటప్పుడు పుట్టిన తేదీ, టేపు కొలతలు, ఎప్పుడెప్పుడు నట్టల మందు వేశారో రాసుకుని వెళ్లండి. ఊళ్లో డాక్టర్ అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.